కడిగిన చిప్పలు

మా వదిన దగ్గర చేపల వాసన వస్తుంది. ఎన్నేళ్ళు రేవులో చేపలు ఏరిందో గానీ, ఆ పని మానేసి ఏడాది దాటినా వాసన మాత్రం ఆవిణ్ణి మానలేదు. గోళ్ళ సందుల్లో మట్టి, కొంగుకు ఎప్పుడూ ఏదో ఒక మరక. ఆ చేతులతోనే మా పాపను ఎత్తుకుంటుంది, ఆ కొంగుతోనే దాని మూతి తుడుస్తుంది. పాప ఇంకా నడవదు. ఆవిణ్ణి చూస్తే చాలు, నా చంకలోంచి అటు ఒరిగిపోయి, నేను పట్టు బిగించకపోతే నేల మీద పడేంత పని చేస్తుంది.

నేను దానికి పాల సీసా మరిగే నీళ్ళలో వేస్తాను. గిన్నె, చెంచా, అది కొరుక్కునే రబ్బరు బొమ్మ కూడా వేస్తాను. ఆ బొమ్మ ఉడికి ఉడికి ఒక చెవి కరిగిపోయింది. దుప్పట్లు నాలుగు రోజులకోసారి ఉడకబెడతాను. ఇంత చేసీ నేను చేతులు చాస్తే అది కాసేపు ఆలోచిస్తుంది. వదిన చేతులు చాస్తే ఆలోచించదు.

ఒకసారి వదిన నవ్వుతూనే అంది, "నీ దగ్గర సబ్బు వాసన వస్తుంది అమ్మాయ్, నా దగ్గర మనిషి వాసన వస్తుంది. పిల్లలకు తేడా తెలుస్తుంది."

అని ఆవిడ మర్చిపోయింది. నాకు మాత్రం అది పంటి కింద రాయిలా ఉండిపోయింది.

వదిన మా ఆయనకు స్వంత అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదంటుంది. వాళ్ళ అమ్మ పోయాక మా ఆయనను పెంచింది ఈవిడే, అందుకని ఆయనకు అక్క మాటంటే వేదం. ఆయన ఏరు దాటించే పడవ నడుపుతాడు. నేను ఎప్పుడైనా నోరు విప్పితే, మీ ఇద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను అని సణుక్కుంటూ పడవ దగ్గరికి పోతాడు. పడవకు నోరు లేదు కదా, దాంతో ఆయనకు హాయి.

నా శుభ్రం సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతి సగంలో మా అమ్మ మంచాన పడితే, తమ్ముళ్ళను చూసుకోవడానికి బడి మానేశాను. అప్పుడు సైన్సులో సూక్ష్మజీవుల పాఠం జరుగుతోంది. కంటికి కనపడని పురుగులు చేతుల మీద, నీళ్ళలో, గాలిలో, అంతటా ఉంటాయనీ, జబ్బులన్నీ వాటివల్లేననీ టీచరు బోర్డు మీద బొమ్మలు వేసి చూపించింది. మర్నాటి నుంచి నేను వెళ్ళలేదు. చదువంతా మర్చిపోయాను గానీ ఆ బొమ్మలు మాత్రం, కాళ్ళూ తోకలతో, ఇప్పటికీ నా కళ్ళ ముందు పాకుతూ ఉంటాయి. పాప పుట్టాక మరీను.

ఇక సంఘం సంగతి. మా ఇళ్ళకు కాస్త దిగువన ఏరు సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఒకప్పుడు ఆల్చిప్పలు గుట్టలు గుట్టలుగా ఉండేవట. సున్నం బట్టీల వాళ్ళు తవ్వుకుపోయారు, తినేవాళ్ళు ఏరుకుపోయారు, మిగిలినవి బురదలో కూరుకుపోయాయి. గుట్టలు పోయాక నీళ్ళను పీల్చి వడకట్టే ఆ ప్రాణులు లేక ఏరు మసకబారింది. అలలకు అడ్డు లేక గట్టు కోసుకుపోతోంది. ఆ చిప్పలను మళ్ళీ పెంచడానికని ఒక సంఘం వచ్చింది. దానికి పెద్ద ఒక మేడమ్. మెడలో భూతద్దం వేలాడేసుకుని, మోకాళ్ళ దాకా బురదలో తిరిగే మనిషి.

ఆల్చిప్ప పిల్ల పుట్టినప్పుడు కంటికి ఆనదని ఆవిడ మా అందరికీ చెప్పింది. కొన్నాళ్ళు నీళ్ళలో ఈదుతూ తిరిగి, గట్టి చోటు చూసుకుని అంటుకుంటుంది. ఒక్కసారి అంటుకుందా, ఇక బతికినంత కాలం అక్కడే. అడుగంతా బురదైపోతే పాపం దేనికి అంటుకుంటుంది? అందుకని హోటళ్ళలో తిని పారేసిన ఖాళీ చిప్పలు తెప్పించి, ఎండబెట్టి, చిల్లు పొడిచి, తాళ్ళకు దండలుగా గుచ్చి, ఏట్లో పాతిన కర్రల పందిళ్ళకు వేలాడదీస్తారు. పిల్లలు అంటుకున్న దండలను తీసుకుపోయి పాత గుట్టలున్న చోట పరుస్తారు. పందిళ్ళ దగ్గర పనికి ఆడవాళ్ళను తీసుకుంటామన్నారు, ఇంటికొకరిని.

మా ఆయన వెళ్ళి వాళ్ళ అక్క పేరు ఇచ్చి వచ్చాడు. అక్కకు ఇంట్లో తోచడం లేదు, నీళ్ళలో పని ఆవిడకు కొట్టిన పిండి అన్నాడు. ఇంట్లో ఇంకో ఆడది ఉందన్న సంగతి ఆయనకు తట్టినట్టే లేదు. ఆ మధ్యాహ్నమే పాపను చంకనేసుకుని వెళ్ళి నా పేరూ ఇచ్చి వచ్చాను. మేడమ్ నవ్వి, సరే, ఇద్దరూ చెరికొన్ని దండలు కట్టండి, ఎవరి చిప్పలకు ఎక్కువ పిల్లలు పడితే వాళ్ళే పనిలోకి అంది.

పక్కింట్లో ఒక టైలరమ్మ ఉంటుంది. మిషను తొక్కుతూ ఊరందరి సంగతులూ కలిపి కుడుతుంది. నేను విషయం చెప్పగానే మిషను ఆపింది.

"బాగానే ఉంది. నువ్వు గెలిస్తే పిల్ల పొద్దస్తమానం ఎవరి దగ్గర ఉంటుందే?"

ఆ వైపు నేను ఆలోచించనే లేదు. పందిళ్ళ దగ్గర నడుముల దాకా నీళ్ళు, చంటిపిల్లను తీసుకుపోయే చోటు కాదు. గెలిస్తే పాప ఆవిడదైపోతుంది. ఓడితే, ఇది పిల్లను పెంచడానికీ పనికిరాదు, పనికీ పనికిరాదు అన్న పేరు నాకు మిగులుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజంతా ఆలోచించి ఒకటి తేల్చుకున్నాను. ముందు గెలవాలి. గెలిచాక వద్దనవచ్చు. గెలిచి వద్దనడం వేరు, ఓడి లేదనిపించుకోవడం వేరు.

మేడమ్ చిప్పల బస్తాలు ఇస్తూ, ఏట్లో ఒకసారి జాడించి గుచ్చేయండి, చాలు అంది. చాలన్న మాట బద్ధకస్తుల కోసం అనుకున్నాను. పసిపిల్లలు ఉండబోయే చోటది. పెరట్లో పెద్ద గుండిగ పెట్టి చిప్పలన్నీ ఉడకబెట్టాను. సబ్బు వేసి బ్రష్షుతో లోపలా బయటా తోమాను. బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ కడిగి, తెల్లటి గుడ్డ మీద ఆరబెట్టాను. నా వేళ్ళ చివర్లు చర్మం ఊడి ఎర్రబడ్డాయి. చిప్పలు మాత్రం పింగాణీ గిన్నెల్లా మెరిశాయి. గోరుతో గీస్తే కిచకిచలాడాయి. పాపకు అందులో పాలు పోసి తాగించవచ్చు, అంత శుభ్రం.

వదిన తన బస్తాను ఇంటి వెనక కాలవలో పడేసింది. పోటు వచ్చినప్పుడు ఉప్పు నీళ్ళు ఎక్కి, పాటుకు దిగిపోయే మురికి కాలవ అది. ఒక రాయికి తాడు కట్టి వదిలేసి, పాపను ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చునేది. నేను తోముతుంటే చూసి, అన్నం గిన్నెల్లా తోముతున్నావు, వాటిల్లో ఎవరికి వడ్డిస్తావు అంది. నీ సంగతి నువ్వు చూసుకో అన్నాను. చూసుకుంటున్నాగా అని పాప బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ ముద్దు నాకు చెంపదెబ్బలా తగిలింది.

దండలు కట్టే రోజు ఆవిడ ఆ బస్తా తీసి విప్పితే, చిప్పల నిండా ఆకుపచ్చటి జిగురు. టైలరమ్మ ముక్కు మూసుకుంది. నేను మూసుకోలేదు. అంత కమ్మటి వాసన ఆ మధ్య ఎప్పుడూ తగల్లేదు నాకు. నా దండలకు నీలం తాడు, ఆవిడ వాటికి పసుపు తాడు కట్టి, పక్కపక్కనే ఒకే పందిరికి వేలాడదీశారు. పడవ వెనక్కి వస్తుంటే తిరిగి తిరిగి చూశాను. నావి ఎండకు తళతళమంటున్నాయి. ఆవిడవి చిలుము పట్టిన పాత తాళం చెవుల్లా ఉన్నాయి.

ఆ తర్వాతి వారాలు నాకు చిత్రంగా గడిచాయి. ఎన్నడూ లేంది వదినతో తియ్యగా మాట్లాడాను. ఓడబోయే మనిషి మీద కోపమెందుకు? పాప ఆవిడ జుట్టు పీకుతూ కిలకిలా నవ్వుతుంటే, నవ్వనీలే అనుకున్నాను. మా ఆయన అన్నం తింటూ, ఇద్దరూ ఇలా ఉంటే ఎంత బాగుంటుంది అన్నాడు. పాపం, తుఫాను ముందర గాలి ఆగుతుందని పడవ నడిపే మనిషికి తెలియదా? తెలుసు. ఇంట్లో మర్చిపోతాడు.

దండలు తీసే రోజు గట్టు మీద తాటాకు చాపలు పరిచారు. పాటుకు నీళ్ళు దిగాక దండలను పడవలో తెచ్చి కుప్ప పోశారు. మా ఇంటి వంతు వచ్చేసరికి నేను పాపను వదిన చేతుల్లోంచి తీసుకున్నాను, గెలిచినప్పుడు అది నా చంకలో ఉండాలని.

మేడమ్ మొదట నీలం తాడు తీసింది. చిప్పను తిప్పింది, భూతద్దం పెట్టింది, ఇంకోటి తిప్పింది. అక్కడొకటి ఇక్కడొకటి, నువ్వు గింజలు రాలినట్టు చిన్న మచ్చలు. పసుపు తాడు తీసింది. భూతద్దం అక్కర్లేకపోయింది. ప్రతి చిప్ప మీదా, లోపలా బయటా, చోటు లేక ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి, చిటికెన వేలి గోరంత పిల్ల చిప్పలు కిటకిటలాడుతున్నాయి. చుట్టూ చేరిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు.

నా చిప్పలను ఏం చేశావని మేడమ్ అడిగింది. చెప్పాను. సబ్బు, బ్రష్షు, బ్లీచింగ్, అన్నీ వరసగా, ఇంకా గొప్పగానే చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాత చిప్పల మీద సన్నటి జిగురు పొర పడుతుందట. అది సూక్ష్మజీవుల పొరేనట. ఈదే పిల్లలు దాన్ని పసిగట్టే, ఇక్కడ మనవాళ్ళు బతికారు, మనమూ బతకవచ్చు అని దిగుతాయట. నా చిప్పల మీద ఆ పొర మళ్ళీ పట్టేసరికి, ఈదే పిల్లల గుంపు దాటిపోయిందట.

"మా పుస్తకంలో అవి చెడ్డవని ఉంది" అన్నాను.

"చెడ్డవి ఒక పాఠం. మంచివి తర్వాతి పాఠం" అంది మేడమ్.

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. పాప అప్పటికే నా చంకలోంచి వదిన వైపు ఒంగి గింజుకుంటోంది. ఏటి పిల్లలు ఆవిడకే, ఇంటి పిల్లా ఆవిడకే. పైగా ఆవిడ ముఖం చూస్తే గెలిచిన మనిషి ముఖంలా లేదు. నెత్తిన పిడుగు పడ్డట్టు నిలబడింది. ఎంత నటన అనుకున్నాను.

ఇంటికి రాగానే అన్నాను. కాలవ సంగతి తెలిసే చేశావు, తెలిసీ నాకు చెప్పలేదు, నేను తోముతుంటే కూర్చుని నవ్వుకున్నావు, నా పిల్లను ఒళ్ళో పెట్టుకుని మరీ నవ్వుకున్నావు అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన చెప్పులు వేసుకోబోతుంటే, ఆ పడవ దగ్గరికి పోయావంటే ఊరుకోనన్నాను. ఆయన ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయాడు.

వదిన ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషే. ఆ రోజు మాత్రం గోడకు ఆనుకుని కూర్చుని, నేల చూస్తూ అంది.

"నాకేం తెలుసు? ఓడిపోదామనే కడగలేదు. కాలవలో కుళ్ళిపోతే దేనికీ పనికిరావు, నువ్వు పనికి పోతావు, బుడంకాయ పగలంతా నా దగ్గర ఉంటుంది అనుకున్నాను. తమ్ముడు నన్నడక్కుండా పేరిచ్చాడు. చాలా, ఇంకేమైనా చెప్పాలా?"

బుడంకాయ అంటే మా పాపే. ఆవిడ పెట్టిన పేరు.

నాకు ముందు వచ్చింది కోపం కాదు, అసూయ. ఓడదామనుకుని కూడా గెలిచే చెయ్యి ఆవిడది. గెలుద్దామని చర్మం ఊడేలా తోమి ఓడిన చెయ్యి నాది. అప్పుడు కోపం వచ్చింది. నేను గెలిచి వద్దందామనుకున్నాను తెలుసా, పాపను నీకు వదిలేదాన్నే కాదు అన్నాను. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. ఒకరి దొంగసొత్తు ఒకరు చూసుకున్న ఇద్దరు దొంగల్లా ఉన్నాం.

"మరి పనికి ఎవరు పోతున్నట్టు?" అన్నాడు మా ఆయన, ఒక చెప్పు మీదే.

వదిన, మేడమ్‌తో చెప్పి తన బదులు నన్ను వేయిస్తానంది. నీ ఎంగిలి పని నాకక్కర్లేదన్నాను. అలా, వద్దనుకున్న మనిషికి పని వచ్చింది. నాకు పాప మిగిలింది. నేను అడగాలనుకున్నదీ అదే. అయినా గెలుచుకున్నట్టు లేదు, ఆవిడ వదిలేస్తే దొరికినట్టుంది.

మొదటి రోజు, ఏట్లో నీళ్ళు తీసే పాటు తెల్లవారకముందే ఉంది. పాప లేవకముందే వదిన వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఉయ్యాల దగ్గర నిలబడిందని నాకు తెలుసు. కళ్ళు మూసుకుని పడుకున్నాను గానీ నిద్రపోలేదు.

పాప లేచి, పాలు తాగి, చుట్టూ చూసింది. పాకుతూ వదిన చాప దగ్గరికి పోయింది. చాప ఖాళీ. వంటింట్లోకి పాకింది. పెరటి గుమ్మం దాకా పాకి, కాలవ వైపు చూసి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఏం చేశావు ఆవిణ్ణి అన్నట్టు చూసింది. ఆ తర్వాత మొదలుపెట్టింది ఏడుపు.

ఎత్తుకుని తిప్పాను. పడవ పాటలు పాడాను. అద్దంలో చూపించాను, కాకిని చూపించాను, మిషను చప్పుడైతే మానుతుందేమోనని టైలరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. టైలరమ్మ జాలిగా చూసింది, అది మరీ కష్టంగా ఉంది. ఒళ్ళు వేడిగా ఉందేమోనని మాటిమాటికీ నుదురు తాకి చూశాను. జ్వరం లేదు. జ్వరమైతే మందుంది.

మధ్యాహ్నానికి దాని గొంతు బొంగురుపోయింది, నా ఓపికా అయిపోయింది. దండెం మీద వదిన నిన్న కట్టి విడిచిన చీర ఉంది. ఉతకాలని నేనే విడిగా వేశాను. దాన్ని చూశాను, పాపను చూశాను. ఎవరూ చూడటం లేదని తలుపు దగ్గరికి వేసి, ఆ చీర తీసి భుజాల మీదుగా కప్పుకున్నాను. చేపలు, చెమట, ఏటి బురద. ఊపిరి బిగబట్టాను. పాప ముక్కు ఆ బట్టకు ఆనించి రెండు వెక్కులు వెక్కింది, మూడో వెక్కు సగంలోనే నిద్రపోయింది. నా భుజం మీద, నా చేతుల్లో, ఆవిడ వాసనలో. నేను కదలకుండా నిలబడి ఏడ్చాను. తర్వాత చీర మడిచి దండెం మీద పెట్టేశాను. ఉతకలేదు.

నిద్ర లేచాక మాత్రం అది నాతో బాగానే ఉంది. బొమ్మ కరిగిన చెవి కొరికింది, నా ముక్కు కొరికింది. మొదటిసారి ఇంట్లో మేమిద్దరమే. అది ఎటు తిరిగినా నేనే ఉన్నాను.

సాయంత్రం వాకిట్లో అడుగుల చప్పుడైంది. తొడల దాకా నల్లటి రబ్బరు బూట్లు, సంఘం వాళ్ళిచ్చిన పసుపు కోటు, చెవులు మూసే టోపీ, ముఖం నిండా బురద చుక్కలు. ఏటి గాలిలో పొద్దంతా అరిచి అరిచి గొంతు కూడా మారిపోయింది.

"బుడంకాయా" అంటూ చేతులు చాచింది.

పాప కెవ్వుమంది. రెండు చేతులూ నా మెడకు చుట్టి, ముఖం నా గొంతులో దాచుకుని, కాళ్ళతో నా నడుమును బిగించి పట్టుకుంది. పిల్ల నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు. ఒళ్ళంతా అతుక్కుపోయింది, గోరు దూర్చడానికి సందు లేదు.

ఎన్ని నెలలుగా ఎదురుచూశానో ఆ ఘడియ కోసం. వదిన చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. ఆ ముఖం నేనెరుగుదును. పాప ఆవిడ వైపు ఒరిగినప్పుడల్లా నేను పెట్టే ముఖమే అది. దాన్ని ఎదుటి మనిషి మీద చూడటం అదే మొదటిసారి. బాగుందని చెప్పలేను. బాగాలేదనీ చెప్పలేను.

టోపీ తియ్యి వదినా, నువ్వని దానికి తెలియడం లేదు అన్నాను. అనడానికి కాస్త ఆలస్యం చేశాను.

ఆవిడ టోపీ తీసింది, కోటు విప్పింది. పాప ఒక కన్ను బయటపెట్టి చూసింది, మళ్ళీ దాచుకుంది. ఇంకా ఆ బూట్లు ఉన్నాయి కదా. వదిన మెట్టు మీద కూర్చుని పీకడం మొదలుపెట్టింది. తడిసి కాళ్ళకు పట్టేసి, అవి రావడం లేదు. ఒకటి ఊడి వచ్చింది, దాంతో పాటు కుంభవృష్టిలా నీళ్ళు. పాప మెల్లగా తలెత్తింది. ఆ పాదాన్ని గుర్తుపట్టిందో ఏమో, ఒక చెయ్యి నా మెడ మీంచి తీసి అటు చాపింది.

నేను ఆ చేతిని పట్టుకుని మళ్ళీ నా మెడ చుట్టూ వేసుకున్నాను. వదిన చూసింది, రెండో బూటు పట్టుకుని లాగుతోంది. ఇస్తాను. ఇవ్వనని కాదు. రెండో బూటు ఊడి వచ్చేదాకా అది నాదే.